ఊరేగింపు వేగంలో మరిగే నీళ్ళు

హైదరాబాద్‌లో శ్రీనగర్ కాలనీ దాటి జూబ్లీ హిల్స్ వైపు పోయేకొద్దీ నేల మెల్లగా ఎత్తు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ దారిలో ముందు షూటింగ్ వ్యాన్లు, వెనక బస్సులు, మధ్యలో అరవై ఏళ్ళ నాటి స్పోర్ట్స్ కారు. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తే చూసినవాళ్ళు రెండు మాటలంటారు: బండి పాతది, ఎండ ఎక్కువ. ఆ రెండింటికీ కొంత పాత్ర ఉంది. కానీ ఈ ఊళ్ళో పాత కార్ల చరిత్ర తిరగేస్తే, వాటికి వందేళ్ళుగా అసలు పరీక్ష నిదానమే.

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సంగతి చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సిల్వర్ ఘోస్ట్ కోసం ఆర్డరిచ్చి, అది చేతికి రాకముందే 1911 ఆగస్టులో కన్నుమూశారు. బార్కర్ కంపెనీ బాడీ కట్టిన ఆ కారు 1912లో తయారై కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. వెనక సీటు సింహాసనంలా ఉండటంతో దానికి థ్రోన్ కార్ అని పేరు. దర్బారు వేడుకలకే బయటికి తీసేవారు కనుక తిరిగిన మైళ్ళు బహు తక్కువ. అలాంటి కారు పని వేగంగా పోవడం కాదు, జనం చూసేలా నడక వేగంతో పోవడం. సిల్వర్ ఘోస్ట్ అందుకు తగిన బండి. ఏడు లీటర్లు దాటిన ఇంజిన్ తక్కువ చుట్లతో హాయిగా తిరుగుతుంది. రేడియేటర్ ఎత్తుగా, విశాలంగా ఉంటుంది.

రేడియేటర్ అప్పటికి కొత్త వస్తువే. కార్ల్ బెంజ్ 1885 నాటి మోటారు బండిలో నీళ్ళు మరిగి ఆవిరై పోతుంటే మళ్ళీ పోసుకోవడమే పద్ధతి. దారి మార్చింది విల్‌హెల్మ్ మేబాక్. 1901లో రోడ్డెక్కిన మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారుకు ఆయన తేనెపట్టు రేడియేటర్ చేశారు. అందులో 8,070 చిన్న గొట్టాలు. గాలి ఆ గొట్టాల్లోంచి దూసుకుపోతుంటే వాటి చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. కారు మోయాల్సిన నీళ్ళు సగానికి తగ్గి సుమారు 9 లీటర్లయ్యాయి. కానీ ఆ ఆవిష్కరణలోనే ఒక షరతు కూడా వచ్చి చేరింది: గాలి కదలాలి. కారు పరుగెడితే గాలి దానంతటదే వస్తుంది. నిలబడితే ఫ్యానే దిక్కు. చాలా పాత కార్లలో ఆ ఫ్యాను ఇంజిన్‌కే బెల్టుతో కట్టి ఉంటుంది కనుక, ఇంజిన్ నెమ్మదించగానే అదీ నెమ్మదిస్తుంది.

స్పోర్ట్స్ కారుకు చిక్కంతా ఇక్కడే. జాగ్వార్ ఇ-టైప్ 1961 మార్చిలో జెనీవాలో జనం ముందుకొచ్చినప్పుడు గంటకు 150 మైళ్ళ వేగమన్నది దాని ప్రతిష్ఠ. ఆ వేగం కోసం ముక్కు సన్నగా సాగదీసి, గాలి దూరే నోరు చిన్నది చేశారు. రహదారి మీద ఆ చిన్న నోరే చాలు. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగితే చాలదు. 1968లో వచ్చిన రెండో సిరీస్‌లో కంపెనీయే ఆ నోటిని పెద్దది చేసి, ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్నచోట రెండు పెట్టింది. కంపెనీకే అది అవసరమనిపిస్తే, 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైన హైదరాబాద్ మాట వేరే చెప్పాలా?

తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లో స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టం ఒకటి ఆ ఊళ్ళోనే తయారయ్యేది. అది స్టాండర్డ్ హెరాల్డ్. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1961లో మొదలుపెట్టి పదేళ్ళు దాన్ని చేసింది. ఇంగ్లండ్‌లో అదే హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల కారు తెచ్చారు. మద్రాసు దగ్గర షోలవరంలోని పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే రేసుల్లో హెరాల్డ్‌లు కూడా పరుగెత్తాయి. రేసులో రేడియేటర్‌కు గాలి కరువుండదు, మౌంట్ రోడ్డు రద్దీలోనే ఉంటుంది. ఒక్క మంచి గుణం చెప్పుకోవాలి: హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు తిరగబడుతుంది. నిలబడి హాయిగా హోస్ పైపులు మార్చుకోవచ్చు.

తెలుగు సినిమా హైదరాబాద్‌కు మారుతూ 1970ల నడుమ అక్కడ అన్నపూర్ణ స్టూడియో కట్టేనాటికి బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ ఇంకా బండరాళ్ళ గుట్టలే. అక్కడికి దగ్గర్లోనే, నేటి కేబీఆర్ పార్కులో ఉన్న చిరాన్ ప్యాలెస్ ఏడో నిజాం మనవడు ముకర్రం జా నివాసం. 1967లో తాత పోయాక ఆయనకు సంక్రమించిన వాటిలో ఎన్నో పాత కార్లున్నాయి. చాలావరకు కదలని స్థితిలో ఉన్నవే. ఆయనకేమో ఇంజిన్లంటే ప్రాణం, చేతులకు గ్రీజు అంటించుకుని స్వయంగా పనిచేసే మనిషి. ఏళ్ళ తరబడి నిలిపేసిన కారుకు రేడియేటర్‌లో మిగిలిన నీళ్ళే శత్రువు. ఇంజిన్ బ్లాకు లోపల తుప్పు రేగుతుంది, అది బురదై గొట్టాల్లో చేరుతుంది.

ఊరేగింపు వేగానికి తెలుగునాట అతి పెద్ద పరీక్ష 1982లో జరిగింది. ఆ మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్టీఆర్, ఒక పాత షెవ్రొలే వ్యానును చైతన్య రథంగా మార్పించి రాష్ట్రమంతా తిరిగారు. నడిపింది కొడుకు హరికృష్ణ. ఆ యాత్ర రాజకీయాల గురించి చాలా రాశారు. డ్రైవరు సీటు నుంచి చూసినవాళ్ళు తక్కువ. ఊరూరా జనం బండిని చుట్టుముడితే, నాయకుడు పైకప్పు మీద నిలబడి మాట్లాడుతుంటే, కింద ఇంజిన్‌కు అది ఫస్ట్ గేరులో అంగుళం అంగుళం పాకే పని. గాలికోసం తెరిచిన ముఖం ముందు మనుషుల గోడ. 1983 జనవరి ఎన్నికల దాకా పార్టీకి ఆ వ్యానే వేదిక. సన్నని ముక్కు స్పోర్ట్స్ కారేదీ అలాంటి పని ఒక్క జిల్లా కూడా చేయలేదని గట్టిగా చెప్పవచ్చు.

నిదానానికి హైదరాబాద్ మరో రెండు కష్టాలు జోడిస్తుంది. ఊరు సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత లోపలి స్ప్రింగు పట్టి ఉంచే ఒత్తిడే ఆ లోటు తీర్చాలి. ఒక్కో పౌండు ఒత్తిడికి మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. అందుకే రబ్బరు ఎండిపోయిన మూత పెద్ద ఇంజిన్‌ను కూడా ముంచుతుంది. రెండోది నీరు. 1920లో పూర్తయిన గండిపేట చెరువు నీళ్ళు తియ్యన. నల్లరాతి పొరల్లోంచి తోడిన బోరు నీళ్ళు కటిక ఉప్పన. అవి మరిగిన ప్రతిసారీ గొట్టం గోడకు తెల్ల పొర ఒకటి మిగులుతుంది. ఆ సున్నపు పొర వేడిని లోహం దాకా పోనివ్వదు.

ఆ పొర ఎంత మందమో రేడియేటర్ షాపులో టాంకు విప్పినప్పుడే తెలుస్తుంది. పనివాడు పై టాంకు అంచు మీద గ్యాస్ మంట తిప్పుతాడు. సీసం, తగరం కలిపిన టంకం మెరిసి జారగానే పట్టకారుతో టాంకు లేపేస్తాడు. కింద వరసగా చదునైన గొట్టాల నోళ్ళు. కొన్నింట్లో ఎర్ర బురద, కొన్నింట్లో గట్టిపడ్డ తెల్ల సున్నం. సన్నని ఉక్కు బద్దను ఒక్కో గొట్టంలోకి దింపి కింద నుంచి పొడి రాలేదాకా లాగుతాడు. మళ్ళీ టాంకు అతికి, నోళ్ళు మూసి, నీళ్ళ తొట్టిలో ముంచి గాలి పంపుతాడు. ఎక్కడ బుడగలు లేస్తే అక్కడ చిల్లు. అక్కడ తుడిచి, యాసిడ్ పూసి, చుక్క టంకం వేస్తాడు. ఇత్తడి, రాగి కనుకే ఇదంతా సాధ్యం. ఇప్పటి కార్లకు ప్లాస్టిక్ టాంకు నొక్కి బిగించిన అల్యూమినియం రేడియేటర్లు వస్తున్నాయి. అవి కారితే పారేయడమే.

రేడియేటర్ బాగున్నా బండి మరగవచ్చు. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా, థర్మోస్టాట్ ఇరుక్కున్నా, ఫ్యాన్ బెల్టు జారినా, హెడ్ గాస్కెట్ పోయినా ముల్లు పైకే. థర్మోస్టాట్ పీకి పారేయడం మన దగ్గర పాత అలవాటు. అది రోగానికి మందు కాదు. చిక్కటి కూలెంట్ పోస్తే చల్లబడుతుందన్న నమ్మకమూ పొరపాటే. వేడిని మోసే శక్తి ఒట్టి నీటికే ఎక్కువ, కూలెంట్ అసలు మేలు తుప్పును ఆపడం.

2021 జులైలో కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్ళు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అలా రిజిస్టరైన కార్లు రోజువారీ వాడకానికి కాదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చు. అంటే చట్టమే వాటిని మళ్ళీ ఊరేగింపు వేగానికి అప్పగించింది. పాత కారు ఉన్నవాళ్ళు ర్యాలీకి ముందు మూత మార్చండి, బోరు నీళ్ళు మానేసి డిస్టిల్డ్ వాటర్ పోయండి. ముల్లు పైకెక్కినా వేడి మీద మూత తిప్పకండి. ఇత్తడి రేడియేటర్ తీసి తూకానికి వేసేముందు ఒక్కసారి టాంకు విప్పించి చూడండి. ఆ పని తెలిసిన చేతులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి.