కువైట్ నుంచి కాణిపాకానికి: ఎయిరోగ్రామ్ నుంచి ఈ-సిమ్ దాకా

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు చిత్తూరులో ఒక సిమ్ తీసుకున్నారు. ఆధార్ నంబర్ ఇచ్చారు, వేలిముద్ర వేశారు. అదే సిమ్‌తో పోయి కువైట్‌లో దిగారు. అక్కడి టవర్‌కి మీరెవరో తెలీదు, మీ ఊరేదో తెలీదు. అయినా కాసేపటికే ఫోన్‌లో సిగ్నల్ గీతలు వచ్చేస్తాయి. ఎట్లా? అక్కడ మీకు పూచీ పడింది ఎవరు?

జవాబు చివర్లో కాదు, మధ్యలోనే చెప్తాను. కానీ ముందు కొంచెం వెనక్కి పోవాలి.

కువైట్ పేరే ఎందుకు తీసుకున్నానంటే, మన వైపు నుంచి బతుకుతెరువుకి పోయే దేశాల్లో అది ముందు వరసలో ఉంటుంది. మదనపల్లె, పీలేరు, రాయచోటి, రాజంపేట, అట్లే కడప. ఈ ప్రాంతాల్లో ఏ ఊరికి పోయినా కువైట్ మాట వినిపిస్తుంది. కంపెనీ పనికి పోతే 18 నంబర్ వీసా, ఇంటి పనికి పోతే 20 నంబర్ వీసా. ఇంటి పనికి పోయే ఆడవాళ్ళ వీసాని మనవాళ్ళు ఖద్దామా వీసా అంటారు. అక్కడుండటానికి ఆకామా కావాలి. ఈ మాటలు తెలియని ఇల్లు ఆ పల్లెల్లో తక్కువ.

మొదట్లో వీళ్ళకి ఇంటితో ఉన్న సంబంధం ఏంటి? ఉత్తరం. ఎయిరోగ్రామ్ అని నీలం రంగు కాగితం ఉండేది. అదే కాగితం, అదే కవరు. పోయి చేరడానికి వారాలు పట్టేది. జవాబు రావడానికి ఇంకొన్ని వారాలు. రాయడం రానివాళ్ళకి ఇంకొకరు రాసిపెట్టాలి, ఇక్కడ ఇంకొకరు చదివి వినిపించాలి. అంటే మొగుడూ పెళ్ళాల మాట కూడా ఇద్దరు ముగ్గురి నోళ్ళు దాటి వచ్చేది. టేప్ రికార్డర్లు వచ్చాక గల్ఫ్ కుటుంబాలు క్యాసెట్ పట్టుకున్నాయి. మాటలన్నీ రికార్డు చేసి, సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవాళ్ళు. ఇప్పుడు మనం పంపే వాయిస్ మెసేజ్ లాంటిదే. కాకపోతే డెలివరీకి విమానం ఎక్కాలి!

మరి ఫోన్? మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదటి ఎస్‌టీడీ లైన్ వచ్చింది. విదేశానికి నేరుగా నంబర్ తిప్పే ఐఎస్‌డీ 1976లో బొంబాయి, లండన్‌ల మధ్య మొదలైంది. పల్లెలకి ఇవేవీ రాలేదు. ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు కాచుకోవాల్సిందే. 1984లో సీ-డాట్ సంస్థ పెట్టి, మన ఎండలకీ దుమ్ముకీ తట్టుకునే చిన్న ఎక్స్‌ఛేంజీలు ఇక్కడే తయారు చేశారు. ఆ తర్వాతే వీధి వీధికీ పసుపు బోర్డుల ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూత్‌లు వచ్చాయి. అద్దాల గది, ఎర్ర అంకెల మీటర్, బయట బల్ల మీద వరసగా కూర్చున్న జనం. మీటర్ పరిగెత్తుతుంటే మాట కూడా పరిగెత్తాలి. "బాగుండావా? డబ్బు అందిందా? పిల్లోడు బడికి పోతాండాడా?" అంతే, పెట్టేయాలి.

ఇంతలో 1990 వచ్చింది.

ఆ ఏడాది ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దూరింది. బయటి ప్రపంచంతో ఫోన్ లైన్లు తెగిపోయాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. ఒక్కసారి ఆలోచించండి. మీ నాన్నో, మీ అమ్మో అక్కడ ఉన్నారు. బతికి ఉన్నారో లేదో తెలుసుకునే దారి లేదు. ఉన్నదల్లా రేడియో వార్తలు, మర్నాటి పేపర్. అక్కడున్న మనవాళ్ళు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకున్నారు. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. 59 రోజులు, 488 విమానాలు, లక్షకు పైగా మనుషులు. పౌర విమానాలతో అంతమందిని తరలించడం గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఆ లక్ష మందిలో ఎంతోమంది ఇళ్ళకి మొదటి కబురు చేరింది వాళ్ళు అమ్మాన్ చేరాకో, బొంబాయిలో దిగాకో. కనెక్షన్ లేకపోవడం అంటే రీల్స్ ఆగిపోవడం కాదు. ఇదీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్‌లో జీఎస్ఎం సిద్ధమవుతోంది. అక్కడ చిన్న చిన్న దేశాలు పక్కపక్కనే. కారు రెండు గంటలు నడిపితే సరిహద్దు దాటేస్తారు, ఫోన్ పనిచేయదు. అందుకే ఏ దేశంలోనైనా పనిచేసే ఒకే పద్ధతి ఉండాలని 1987లో ఒప్పందం చేసుకున్నారు. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో మొదటి జీఎస్ఎం కాల్ వెళ్ళింది. 1992లో ఫిన్లాండ్ టెలికాం సంస్థకీ, బ్రిటన్ వోడాఫోన్‌కీ మధ్య మొదటి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం కుదిరింది. మనకి మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి. అదే ఏడాది ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మన జిల్లా వాళ్ళకి కాణిపాకం అంటే వరసిద్ధి వినాయకుడు ఒక్కటే కాదు, ప్రమాణం కూడా. తగువొస్తే "నిజమైతే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అంటారు. రోమింగ్‌లో జరిగేది కూడా ఒక రకం ప్రమాణమే. మీ సిమ్‌లో 15 అంకెల దాకా ఉండే ఒక గుర్తింపు ఉంటుంది. మొదటి మూడంకెలు దేశం. 404 లేదా 405 అంటే ఇండియా. కువైట్ టవర్ అది చూసి, ఇక్కడి మీ కంపెనీని అడుగుతుంది: "ఈ మనిషి మీవాడేనా?" మీ కంపెనీ ఒక కొత్త సంఖ్యనీ, దానికి రావాల్సిన జవాబునీ పంపుతుంది. టవర్ ఆ సంఖ్యని సిమ్‌కి ఇస్తుంది. సిమ్ తన లోపలున్న రహస్య తాళంతో లెక్క కట్టి జవాబు చెప్తుంది. రెండు జవాబులూ కలిస్తే మీరు నిజం. ఆ తాళం మాత్రం ఎప్పుడూ సిమ్ దాటి బయటికి రాదు. అంటే మీకు పూచీ పడింది చిత్తూరులో మీరు తీసుకున్న సిమ్, దాన్నిచ్చిన కంపెనీ.

డేటా విషయంలో ఇంకో తమాషా ఉంది. రోమింగ్‌లో మీరు కువైట్‌లో వీడియో తెరిస్తే, సాధారణంగా ఆ డేటా ముందు ఇండియాలోని మీ కంపెనీ దగ్గరికి వచ్చి, ఆ తర్వాతే ఇంటర్నెట్‌లోకి పోతుంది. ఆ పైన అక్కడి కంపెనీ ఇక్కడి కంపెనీకి టోకు రేటు వేస్తుంది, అది మీ బిల్లులోకి వస్తుంది. ప్యాక్ లేకుండా డేటా రోమింగ్ ఆన్ చేసినవాళ్ళ గుండె గుభేలుమనేది అందుకే. యూరోపియన్ యూనియన్ 2017 జూన్ 15 నుంచి తమ దేశాల మధ్య ఈ అదనపు రోమింగ్ ఛార్జీలు తీసేసింది. మనకీ గల్ఫ్‌కీ మధ్య అలాంటి చట్టం లేదు. అందుకే మనవాళ్ళు రోమింగ్‌ని నమ్ముకోలేదు. అక్కడి సిమ్ కొనుక్కుని, ఇమో, వాట్సాప్ పెట్టుకున్నారు.

అయితే వీడియో కాల్‌కి రెండు చేతులు కావాలి. కువైట్‌లో డేటా ఉన్నా, ఊళ్ళో అమ్మ దగ్గర లేకపోతే ఏం లాభం? 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర కూలిపోయింది. అదే నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ తెచ్చింది. నా లెక్కలో గల్ఫ్ కుటుంబాలకి అసలు మలుపు ఈ మూడు నెలలే. చవితి మొదలు 21 రోజులు జరిగే కాణిపాకం బ్రహ్మోత్సవాల సందడిని అక్కడి గదిలో కూర్చుని చూడగలుగుతున్నారు. అందరికీ మాత్రం కాదు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద ఏళ్ళుగా ఆంక్షలున్నాయి. ఖద్దామా పనిలో ఉన్న ఆడవాళ్ళ ఫోన్ యజమానులు లాగేసుకుంటున్నారన్న ఫిర్యాదులు ఇప్పటికీ వింటున్నాం. టెక్నాలజీ వచ్చినంత మాత్రాన ఫోన్ చేతిలో ఉన్నట్టు కాదు.

ఇప్పుడు అసలు చిక్కు ఇంకోటి: ఓటీపీ. 2009 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో ధ్రువీకరణ తప్పనిసరి అయింది. తర్వాత బ్యాంకు, ఆధార్, యూపీఐ అన్నీ ఆ పది అంకెల నంబర్‌కే ముడిపడ్డాయి. మనిషి కువైట్‌లో ఉంటాడు, నంబర్ ఊళ్ళో చచ్చిపోతుంది. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబర్‌ని కంపెనీ తీసేయొచ్చు. బ్యాలెన్స్ ఉంటే 20 రూపాయలు కోసుకుని నిలిపి ఉంచే పద్ధతి ఉంది. తీసేసిన నంబర్ కొన్నాళ్ళకి ఇంకొకరికి పోతుంది. చెమటోడ్చి దాచుకున్న డబ్బుకి తాళంచెవి ఎవరి జేబులోనో ఉన్నట్టు! 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్ఆర్ఐ ఖాతాల మీద యూపీఐ వాడుకోవచ్చని చెప్పింది. సౌదీ, ఖతార్, ఒమన్, యూఏఈ ఉన్నాయి. ఆ జాబితాలో కువైట్ లేదు. మన వైపు ఇళ్ళకి ఇదెంత వెలితో చెప్పక్కర్లేదు.

అందుకే పోయేముందు నాలుగు పనులు. ఒకటి, ఇక్కడి సిమ్ పారేయొద్దు. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, ఎస్ఎంఎస్ వచ్చేలా చూసుకోండి. రెండు, ఆ సిమ్ మీద డేటా రోమింగ్ ఆఫ్ పెట్టండి. మూడు, డేటాకి అక్కడి సిమ్ గానీ ఈ-సిమ్ గానీ వాడండి. ఈ-సిమ్ 2018 నుంచి మన దగ్గరా ఉంది. ఇది ఫోన్‌లోనే కూర్చుంటుంది, కాబట్టి ఇక్కడి కార్డు తీసి జేబులో పెట్టుకునే పని ఉండదు. మీ ఫోన్ దానికి పనికొస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోండి. నాలుగు, రీఛార్జ్ తేదీ ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి.

మీ ఇంట్లో పాత ఎయిరోగ్రామ్, క్యాసెట్ ఏదైనా మిగిలుంటే పారేయొద్దు. క్యాసెట్‌ని ఫోన్‌లోకి ఎక్కించి పెట్టుకోండి, టేపు ఎక్కువ కాలం నిలవదు. అందులో ఉన్నది మీ ఇంటి చరిత్ర. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను.