రోలర్ కోస్టర్ సీట్లు: పొడుగువాళ్లకు ఏది నయం?

ఈద్ సెలవుల్లో చికాగోలోని చుట్టాలింటికి వెళ్లే హైదరాబాదీ కుటుంబాలకు గర్నీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికా దగ్గరే. చిన్నపిల్లల ఎత్తు సరిపోతుందా అని అందరూ అడుగుతారు. ఆరడుగులు దాటిన కొడుకు సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

భుజాల మీదుగా దిగే హార్నెస్ పొడుగువాళ్ల భుజాలను నొక్కేస్తుంది. మలుపుల్లో తలకు తగిలేదీ అదే. ఒడి మీదకొచ్చే ల్యాప్ బార్‌తో ఆ బాధ లేదు. కానీ మోకాళ్లు పైకి లేస్తే బార్ తొడల దాకా దిగదు.

కాళ్లకు హాయి కావాలంటే కింద నేల లేని సీట్లే నయం. అక్కడి బ్యాట్‌మన్ (1992) ట్రాక్ కింద వేలాడే రకం, ప్రపంచంలో మొదటిది. ఎక్స్ ఫ్లైట్ (2012)లో సీట్లు ట్రాక్‌కు రెండు పక్కలా ఉంటాయి. రెండింటిలోనూ కాళ్లు గాలిలోనే.

కొన్ని రైడ్లకు పై హద్దు కూడా ఉంది. ఒహాయోలోని సీడార్ పాయింట్‌లో మావెరిక్‌కు 78 అంగుళాలు, అంటే ఆరడుగుల ఆరంగుళాలు.

లాక్ పడలేదని సిబ్బంది దిగమంటే వాదించొద్దు, సిగ్గూ పడొద్దు. 2022 మార్చిలో ఓర్లాండోలో ఒక డ్రాప్ టవర్ సీటులోంచి జారిపడి 14 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. ఆరడుగులు దాటిన భారీ పిల్లవాడు. బరువు ఆ రైడ్ హద్దును మించింది. సీటుకూ హార్నెస్‌కూ మధ్య సందు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉందని దర్యాప్తులో తేలింది.

కొన్ని కోస్టర్ల గేటు దగ్గర టెస్ట్ సీటు పెడతారు. లైన్‌లో నిలబడకముందే అందులో నడుము పూర్తిగా వెనక్కి ఆనించి కూర్చుని చూసుకోవాలి.