డెవ్ మెమ్ గుమ్మం దగ్గర

1970ల యునిక్స్ భౌతిక మెమరీని కూడా ఒక ఫైలుగానే చూపించింది. డెవ్ మెమ్ తెరిస్తే ర్యామ్ బైటు బైటుగా చదవొచ్చు, రాయొచ్చు. నడుస్తున్న ప్రాసెస్‌ల చిట్టా చూపే పీఎస్ ఈ ఫైలులోంచో, కెర్నల్ మెమరీని చూపే దీని జంట ఫైలు కేమెమ్‌లోంచో కెర్నల్ పట్టికలు తవ్వుకునేది. రూట్ అయితే చాలు, అడ్డుకునేవాళ్లు లేరు.

అయితే చిరునామా ఉన్నచోటల్లా ర్యామ్ ఉండదు. 1981 నాటి ఐబీఎం పీసీలో 640 కేబీ దాటితే వీడియో మెమరీ, బయోస్. తర్వాతి పీసీల్లో ఏది ర్యామో, ఏది ఖాళీయో ఈ820 కాల్‌తో బయోస్‌నే అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. లినక్స్‌లో డెవ్ మెమ్‌కు పెట్టిన తొలినాటి తనిఖీ మాత్రం చాలా సాదాసీదా: మొదలు చిరునామాకు పొడవు కలిపితే ర్యామ్ పైహద్దు దాటకూడదు. ఆర్మ్ బోర్డుల్లో ర్యామ్ సున్నా దగ్గరే మొదలవ్వాలని లేదు గనక అక్కడ కింది హద్దూ చూడాలి.

ఆ కూడికలోనే తిరకాసుంది. 32 బిట్ల యంత్రంలో 4294963200 దగ్గర మొదలుపెట్టి 8192 బైట్లు అడిగామనుకోండి. మొత్తం 32 బిట్లలో పట్టదు. చుట్టు తిరిగి 4096 అవుతుంది. అంత చిన్న సంఖ్య ఏ పైహద్దుకైనా లోపలే ఉంటుంది గనక తనిఖీ ఇట్టే గట్టెక్కుతుంది. డెవ్ మెమ్‌ను ఎంమ్యాప్ చేసేటప్పుడు, అంటే ప్రాసెస్ చిరునామాల్లోకి తెచ్చుకునేటప్పుడు, ఇలా చుట్టు తిరిగిందేమో చూసే తనిఖీ 2017లో గానీ చేరలేదు. నా లెక్కలో ఇది మరీ ఆలస్యం.

ఈలోగా ప్రశ్నే మారిపోయింది. కేమెమ్ ద్వారా నడుస్తున్న కెర్నల్‌నే ఎలా మార్చవచ్చో 2001లో ఫ్రాక్ పత్రిక 58వ సంచిక చూపించింది. అక్కడ చిరునామాలన్నీ సక్రమమైనవే! హద్దుల తనిఖీ వాటిని ఎందుకు ఆపుతుంది? 2008లో స్ట్రిక్ట్ డెవ్‌మెమ్ వచ్చి ర్యామ్‌ను మూసేసింది. ఎక్స్ సర్వర్, డాస్‌ఎమూ లాంటివాటి కోసం ఎక్స్86లో మొదటి 1 ఎంబీని వదిలింది. 2016లో డ్రైవర్ల చేతిలో ఉన్న పరికరాల చిరునామాలకూ కాపలా పెట్టే ఎంపిక చేరింది. 2019లో లినక్స్ 5.4తో రూట్‌ను కూడా కెర్నల్ జోలికి పోనివ్వని లాక్‌డౌన్ ఎంపిక వచ్చింది, 2021లో 5.13తో కేమెమ్ పూర్తిగా పోయింది.

డెవ్ మెమ్ ఇంకా ఉంది. కొత్త బోర్డు తెచ్చుకున్న ఇంజినీరు రిజిస్టర్లు కదిపి చూడాలంటే ఇప్పటికీ అదే దగ్గరి దారి. డ్రైవర్ పట్టుకున్న రిజిస్టరు కావాలంటే, 2016 నాటి ఆ కాపలా ఉన్నచోట మాత్రం బూట్ లైన్‌లో ఐఓమెమ్‌ను రిలాక్స్‌డ్‌గా పెట్టి, యంత్రాన్ని మళ్లీ లేపాలి.