ఒకే తేదీ, రెండు రాత్రులు



నవంబరు 9. జర్మనీ దేశానికి ఈ తేదీ దుఃఖదినము, సంతోషదినము కూడా.

1938లో ఆ రాత్రి హిట్లరు మనుషులు వెయ్యికి పైగా యూదుల సమాజమందిరములను తగులబెట్టి, పాడుచేశారు. సుమారు 30,000 మంది యూదులను నిర్బంధ శిబిరాలకు తరలించారు. క్రైస్తవ సంఘాలలో అధికభాగము నోరు మెదపలేదు. బోన్‌హోఫర్ అనే దైవసేవకుడు తన బైబిలులో 74వ కీర్తన 8వ వచనము దగ్గర ఆ తేదీ వ్రాసుకొన్నాడు. దేవుని మందిరములను శత్రువులు కాల్చివేయుటను గూర్చిన వచనమది. 1945లో నాజీలు ఆయనను ఉరితీశారు.

యుద్ధము తరువాత దేశము రెండుగా చీలింది. 1961లో తూర్పు జర్మనీ ప్రభుత్వము బెర్లిన్ నగరములో గోడ కట్టింది. లైప్‌జిగ్‌లోని సెయింట్ నికోలస్ చర్చిలో 1982 నుండి ప్రతి సోమవారము సమాధానము కొరకు ప్రార్థన జరిగేది. 1989 అక్టోబరు 9న ప్రార్థన ముగిశాక సుమారు 70,000 మంది వీధులలో శాంతియుతముగా నడిచారు. చేతులలో కొవ్వొత్తులు! ఆయుధాలతో పోలీసులు సిద్ధముగా ఉన్నా తుపాకి పేలలేదు. సరిగ్గా నెలకు, నవంబరు 9 రాత్రి, బెర్లిన్ గోడ తెరుచుకొంది. దానికి రాజకీయ కారణములు అనేకము. అయినా మోకాళ్లూనిన ఆ సంఘాన్ని చరిత్ర మరువలేదు.

దేవుని బిడ్డలారా, మంచిరోజు, చెడ్డరోజు అని పంచాంగము చూచే పని మనకు లేదు. తేదీ ఒక్కటే. ఒక రాత్రి సంఘము మౌనముగా ఉంది. మరొక రాత్రికి ముందు సంఘము ప్రార్థించి, వీధిలోకి నడిచింది. మన పొరుగువాని ఇల్లు కాలుతున్న రాత్రి మనము ఏ సంఘముగా ఉంటాము?

ప్రభువు మనకు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.