పళ్లగిన్నె కథ



ఎండకాలపు పెళ్లివిందుల్లో ఆఖరున గాజుగిన్నెలో ఒక తీపి వడ్డిస్తారు. చల్లని కస్టర్డు, అందులో మామిడి, అరటి, ద్రాక్ష, పైన ఎర్రని దానిమ్మ గింజలు. ఫ్రూట్ సలాడ్ అంటున్నాం దీన్నే. “పట్నం వాళ్ల వంటకం, మనకెందుకు?” అంటారేమో! ఆ గిన్నెలో ఉన్నది చాలావరకు మన పొలంలోదీ, మన పాడిలోదీ. అయితే ఇవన్నీ ఒక్కచోట చేరడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది.

1526లో ఢిల్లీని గెలిచిన బాబరు తన ఆత్మకథలో ఒక చింత రాసుకున్నాడు. ఈ దేశంలో మంచి ద్రాక్ష లేదట, ఖర్బూజా లేదట, మంచు లేదట, చల్లని నీళ్లు కూడా లేవట. మామిడిపండ్లలో బాగున్నవి చాలా బాగుంటాయి గాని అటువంటివి తక్కువేనన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. తరువాత ఆగ్రా తోటలో ద్రాక్ష, ఖర్బూజా వేయించాడు. అవి కాసినప్పుడు ఎంతో తృప్తి పొందాడు. ఆజ్ఞ పాదుషాది, కాయించింది తోటమాలి గదా! అనాస, బొప్పాయి, సపోటా కూడా అమెరికా ఖండం నుండి ఐరోపావారి ఓడలమీద వచ్చినవే. మన రైతు వాటిని మన నేలకు అలవాటు చేశాడు.

ఇక చల్లదనం సంగతి. బాబరు మనుమడు అక్బరు కాలంలో సురేకారం కలిపిన నీళ్లలో కూజాను తిప్పి తాగేనీరు చల్లబరిచేవారు. సురేకారం కరిగేటప్పుడు నీటిలోని వేడిని లాగుతుంది. 1833లో అమెరికాలోని బోస్టను రేవునుండి ఒక ఓడ 180 టన్నుల మంచుగడ్డతో బయలుదేరి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. దారిలో కొంత కరిగిపోయినా 100 టన్నుల దాకా మిగిలింది. ఆ వ్యాపారానికి ఆసరా రంపపు పొట్టు. గడ్డల మధ్య పొట్టు నింపితే వేడి త్వరగా లోపలికి పోదు. మద్రాసు సముద్రతీరాన అప్పుడు కట్టిన మంచు గిడ్డంగి నేటికీ ఉంది. 1897లో వివేకానందుడు అక్కడ బసచేశాడు. ఇప్పుడది ఆయన పేరనే ఉంది.

కస్టర్డు పొడి కథ వేరు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు పడదు. ఆమెకోసం 1837లో గుడ్డు లేకుండానే పాలను చిక్కపరిచే పొడి తయారుచేశాడు. ఆ పొడిలో ముఖ్యమైనది మొక్కజొన్న పిండి. కాబట్టి మొక్కజొన్న రైతుకూ ఈ గిన్నెలో వాటా ఉంది సుమా!

చేసే విధానం చెబుతాను. లీటరు పాలలో ఒక గ్లాసెడు చల్లగా ఉండగానే తీసి, పెద్ద చెంచాతో మూడు చెంచాల కస్టర్డు పొడి ఉండకట్టకుండా కలపండి. మిగతా పాలు కాచి, 100 గ్రాముల పంచదార వేసి, ఈ మిశ్రమాన్ని కలుపుతూ పోయండి. చిక్కబడగానే దించి పూర్తిగా చల్లార్చండి. వేడిమీద పళ్లు వేయరాదు. గాజుగ్లాసులో ఒక వరస కస్టర్డు, ఒక వరస మామిడి, మళ్లీ కస్టర్డు, అరటి. పైన ద్రాక్ష, దానిమ్మ. ఫ్రిజ్ లేకపోతే గిన్నెను మంచుముక్కల మధ్య పెట్టండి. ఏ రోజుది ఆ రోజే తినాలి.

నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో మహిళా సంఘం వారికి ఇది చేసి చూపించాను. అందంగా ఉంటుందని ఉడికించని అనాసముక్కలు కలిపాను. చూడ్డానికి అదే అన్నిటికన్నా బాగుంది. వడ్డించేసరికి చేదెక్కింది. “ముగ్గు బాగానే వేశావు నాయనా, మింగుడు పడటంలేదు” అన్నదొక పెద్దమ్మ. అనాసలో పాల మాంసకృత్తులను విడగొట్టే పదార్థం ఉంది. పంచదార పాకంలో ఉడికించి వేస్తే దాని శక్తి పోతుంది. ఆ సంగతి నాకు ఆ తరువాతే తెలిసింది.

పైమెరుగు మామిడికీ వచ్చింది. కార్బైడు పొట్లాలు పెడితే పచ్చికాయ రెండు రోజుల్లో పసుపు తిరుగుతుంది. లోపల రుచి రాదు, ఆరోగ్యానికి చేటు కూడా. చట్టం దాన్ని నిషేధించింది. ముదిరిన కాయ కోసి వరిగడ్డిలో మాగవేయండి. ఎక్కువ సరుకైతే, అనుమతించిన మోతాదులో ఇథిలీన్ వాయువు వాడే మాగుడు గదులున్నాయి.

మంచి మామిడి తక్కువ అన్న బాబరు మాటకు జవాబు వంటవాడి చేతిలో లేదు, మీ తోటలో ఉంది. ఈ వేసవిలో మీ ఇంటి పిల్లలకు మొదటి గిన్నె మీ చెట్టు పండుతోనే చేసిపెట్టండి.