జ్యోతి కాడ కాపలా

దగ్గరికి జరగండ్రా. సంకురాత్రి చలికే దుప్పట్లు కప్పుకున్నారు మీరు. జనవరిలో తెల్లారుజామున ఢిల్లీ ఇండియా గేటు కింద రైఫిలు పట్టుకోని నిలబడితే తెలుస్తుంది చలంటే ఏందో. మంచుకి ఎదురుగా ఉండే రోడ్డు కూడా కనపడదు.

నేను మద్రాస్ రెజిమెంటోడిని. మన వెంకటాచలంలో రైలెక్కి మద్రాసు పొయ్యి, ఆడినించి నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్ చేరుకోని ట్రెయినింగ్ తీసుకున్నా. మా యూనిట్ ఢిల్లీలో ఉన్నప్పుడు నా ఎత్తు చూసి అమర్ జవాన్ జ్యోతి కాడ డ్యూటీ ఏశారు. నేవీ వాళ్ళు, ఎయిర్‌ఫోర్సు వాళ్ళు కూడా మాతో నిలబడేవాళ్ళు.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది గదా, ఆ తర్వాత 41వ రోజున, 1972 జనవరి 26న, ఇందిరమ్మ ఆ జ్యోతిని దేశానికిచ్చింది. నల్ల చలవరాతి దిమ్మె. దానిమీద తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మడమ మీద ఇనప టోపీ. జవాను కూలిన చోట తోటోళ్ళు పెట్టే గురుతు అది. మా చేతుల్లో ఉన్నదీ అట్టాంటి ఎస్‌ఎల్‌ఆర్ తుపాకీయే. దాని పక్కన నిలబడితే ఒళ్ళు జలదరించేది. నాలుగు మూలలా నాలుగు జ్వాలలుంటే, ఏడాది పొడుగునా ఒకటే మండేది. జనవరి 26కీ, ఆగస్టు 15కీ నాలుగూ వెలిగించేవాళ్ళు. అప్పుడంతా గ్యాసు సిలిండర్లే. 2006లో గొట్టాల గ్యాసు వచ్చింది.

ఊరికే నిలబడే పనే గదా అంటారు మీరు. మోకాళ్ళు బిగబట్టి నిలబడినోడు కాసేపటికి కళ్ళు తిరిగి పడిపోతాడు. మోకాలు రవ్వంత సడలించాల, బరువు మునికాళ్ళ మీద మొయ్యాల, బూటు లోపలే వేళ్ళు కదిలించుకుంటా ఉండాల. పైకి మాత్రం రెప్ప తప్ప ఏదీ కదలకూడదు. మే నెల్లో వడగాలి ఒక పక్క, మంట సెగ ఇంకో పక్క. అప్పట్లో రిపబ్లిక్ డే పొద్దున ప్రధాని ఆడికే వచ్చి పుష్పగుచ్ఛం పెట్టేవాళ్ళు. శోక్ శస్త్ర్ అని కేకేస్తే రైఫిలు మూతి నేలకి దించి తల వంచేవాళ్ళం. బ్యూగిలు మీద లాస్ట్ పోస్ట్ ఊదేవాళ్ళు. అది వింటా ఉంటే పోయినోళ్ళు మన ముందర వరసగా నిలబడినట్టే ఉండేది.

నా మనసులో నిలిచిపోయింది ఒక ముసలామె, పంజాబీ ఆమె. కొడుకు ఫోటో చేత పట్టుకోని, గోడ మీద పేర్లు చూస్తా గేటు చుట్టూ తిరిగింది. 71లో పోయిన నా బిడ్డ పేరు యాడుందని కనపడినోళ్ళనల్లా అడిగింది. ఆడ లేదురా ఆ పేరు. ఆ రాళ్ళ మీద ఉండే 13 వేల పైచిలుకు పేర్లు 1914 యుద్ధంలో, ఆ తర్వాత అఫ్గాన్ యుద్ధంలో తెల్లోళ్ళ సైన్యంలో పోయినోళ్ళవి. మా దిమ్మె మీద ‘అమర్ జవాన్’ అని బంగారు అక్షరాలు, అంతే. నాకు తెలుసు ఆ సంగతి. డ్యూటీలో నోరు విప్పకూడదు, చూపు తిప్పకూడదు.

2022 జనవరి 21న ఆ మంటని తీసకపొయ్యి, పక్కనే కొత్తగా కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో కలిపేశారు. 50 ఏళ్ళకి అయిదు రోజులు తక్కువ. మాతో పనిచేసినోళ్ళు చానామంది కుమిలిపొయినారు. నాకూ కడుపులో కలుక్కుమంది. అయినా అది మంచి పనే అంటా నేను. 2019లో తెరిచిన ఆ స్మారకంలో, స్వాతంత్ర్యం వచ్చినాక పోయిన 25 వేల మందికి పైగా జవాన్ల పేర్లు రాతి పలకల మీద చెక్కించారు. ఆ తల్లి వెతుక్కున్న పేరు ఇప్పుడు ఆడుంటుంది.

మీరు ఢిల్లీ పోతే ఆ స్మారకానికి సాయంత్రం పూట పోండి. రోజూ ఆ వేళకి ఒక జవాను ఇంటోళ్ళు వచ్చి పుష్పగుచ్ఛం పెడతారు. ఆ పేర్లు చెక్కిన త్యాగ చక్రం గోడల కాడ గల్వాన్‌లో 2020లో పోయిన మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు పేరు వెతకండి. మిగతావి కూడా కొన్నన్నా నోరారా చదవండి.