రేడియం గడియారమూ, రంగుల టీవీ

చట్టాన్ని కూడా సాహిత్య కృతిలాగే చదవాలని నా అభిప్రాయం: ఎవరి కోసం రాశారు, ఎవరిని వదిలేశారు అని. రేడియేషన్ వెదజల్లే పరికరాలపై అమెరికా ప్రభుత్వ నియంత్రణ చరిత్ర చదివినపుడు నన్ను కలవరపెట్టింది శాస్త్రం కాదు, తేదీలు.

1967లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తన రంగుల టీవీలు అనేకం ఉండకూడనంతగా ఎక్స్‌కిరణాలు విడుస్తున్నాయని ఒప్పుకున్నది. 1968 అక్టోబరుకల్లా చట్టం వచ్చింది. దాని కింద టీవీకి 5 సెంటీమీటర్ల దూరాన గంటకు 0.5 మిల్లీరాంట్‌జెన్ మించరాదన్నారు. సోఫాలో కూచున్న కొనుగోలుదారు కోసం ప్రభుత్వం అంత త్వరగా కదిలింది. మంచిదే.

మరి అంతకు నలభై ఏళ్ల ముందు న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలో గడియారపు అంకెలకు రేడియం రంగు పూసిన ఆడపిల్లల మాటేమిటి? కుంచె మొన తేలడానికి పెదవుల మధ్య పెట్టి తిప్పమని వాళ్లకు నేర్పారు. అదే ఫ్యాక్టరీలో రసాయనజ్ఞులు మాత్రం సీసపు తెరల చాటున పనిచేశారు! దవడ ఎముకలు కుళ్లి పిల్లలు చచ్చిపోతుంటే, యాజమాన్యం తానే పిలిపించిన హార్వర్డ్ పరిశోధకుల నివేదికను తారుమారు చేసి కార్మిక శాఖకు అందించింది. 1928లో అయిదుగురికి తలా 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల భరణంతో కోర్టు బయట రాజీ కుదిరింది.

1968 చట్టం ఎలక్ట్రానిక్ పరికరాలకే. రేడియానికి కరెంటు అక్కర్లేదు గదా! అది ఫెడరల్ అణు నియంత్రణ సంస్థ పరిధిలోకి వచ్చింది 2005 చట్టంతోనే. అప్పటికి ఆ అయిదుగురిలో ఒక్కరూ లేరు.